ఆరు బిళ్లల క్లచ్, అర కిలోమీటరు బరాత్

ఇది రాస్తున్న సమయానికి నా కారు నాగోల్ దగ్గర ఒక ఫంక్షన్ హాలు సెల్లార్‌లో ఉంది. బానెట్ మీద బంతిపూలు, వెనకద్దం మీద థర్మాకోల్‌తో కత్తిరించిన వధూవరుల పేర్లు అట్లాగే ఉన్నాయి. నేను ఆటోలో ఇంటికొచ్చాను. మా ఆవిడ వేరే ఆటోలో వచ్చింది.

కారు పాత స్కోడా లారా. 1.8 లీటర్ల టర్బో పెట్రోలు, మాన్యువల్ గేర్లు. పుట్టినప్పుడు 160 హార్స్‌పవర్, 250 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే తిప్పే బలం. కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలి ఆఫీసుకి పోయి రావడానికి అవి చాల్లేదని నాకెందుకు అనిపించిందో ఇప్పుడు అడక్కండి. రీమ్యాప్ చేయించాను, అంటే ఇంజను కంప్యూటర్‌లో సెట్టింగులు మార్పించాను. చేసినవాళ్లిచ్చిన కాగితం ప్రకారం 210 హార్స్‌పవర్, 320 టార్క్. వారం తిరక్కుండానే ఔటర్ మీద నాలుగో గేరులో గట్టిగా తొక్కితే ఆర్‌పీఎం ముల్లు 2500 నుంచి 4000కి ఎగబాకింది, కారు మాత్రం ఉన్న స్పీడులోనే ఉంది. అచ్చం ఉత్తరకుమారుడు. క్లచ్ జారుతోందన్నమాట. పాపం దాని తప్పేం లేదు, 250 మోయమని పుట్టించిన దాని నెత్తిన 320 పెట్టింది నేనే.

ఇక్కడిదాకా బాగానే ఉంది. క్లచ్ గురించి నేను మూడు వారాలు చదివాను. ఇంజనుతో పాటు తిరిగే ఫ్లైవీలుకీ, దాని మీదికి నొక్కే ప్రెషర్ ప్లేటుకీ నడుమ నలిగే ఆ క్లచ్ పళ్లేనికి హార్స్‌పవర్‌తో పనిలేదు, టార్క్‌తోనే పని. ఎక్కువ టార్క్ మోయాలంటే దాని మీది మెటీరియల్ పట్టయినా పెరగాలి, నొక్కే బలమైనా పెరగాలి, సైజైనా పెరగాలి, లేదా ఒకటికి రెండు ప్లేట్లు పడాలి. ఆర్గానిక్ ప్లేటు మెత్తనిది, ట్రాఫిక్‌ని ఓర్చుకుంటుంది. కెవ్లార్‌కి ఆయుష్షు ఎక్కువ, కానీ మొదటి 800 కిలోమీటర్లు బాలింతని చూసుకున్నట్టు చూసుకోవాలి. సిరామిక్ కరిచిందంటే వదలదు, వదిలిందంటే కరవదు. కాబట్టి నాకు కావలసింది ఆర్గానిక్ ప్లేటు, దాని మీద కాస్త బలమైన ప్రెషర్ ప్లేటు. ఈ సంగతి డైరీలో రాసుకుని, కింద గీత కూడా గీసుకుని షాపుకెళ్లాను.

షాపు పేరు ఎందుకులెండి. ఆ తమ్ముడు డైరీ వంక చూడనైనా చూడలేదు. "స్టేజ్ త్రీ ఎయ్యన్నా" అన్నాడు. ఈ స్టేజీలేమిటో ఎవరికైనా అర్థమైతే చెప్పండి. దీనికో తూకం లేదు, కొలత లేదు. ఒక కంపెనీ స్టేజ్ టూ ఇంకో కంపెనీ స్టేజ్ త్రీ. మామిడికాయలకైనా మార్కెట్‌లో పెద్దసైజు, చిన్నసైజు అని కళ్లముందు ఏరి పోస్తారు. అతను నన్ను అడిగినవి: ఎన్ని గుర్రాలు, ఎంత టార్క్, వందకి ఎన్ని సెకన్లు, ముందు ముందు పెద్ద టర్బో వేస్తారా. అడగనిది ఒక్కటే: "అన్నా, రోజూ యాడ నడుపుతరు?" నా నంబరు ప్లేటు హైదరాబాద్‌ది, బిల్లు మీద అడ్రసు కూకట్‌పల్లిది. నేనేమన్నా రేస్ ట్రాక్ పక్కన కాపురం పెట్టానా?

"500 టార్క్ పెట్టినా కదల్దన్నా. పెడల్ కొంచెం గట్టిగుంటది, రెండు రోజుల్ల అలవాటైతది."

500 అనగానే నా డైరీ నా చేతిలోనే ముడుచుకుపోయింది. 42,000 కట్టాను. కుదుపు మింగే స్ప్రింగు లేని హబ్బు, చుట్టూ పువ్వు రేకుల్లాగా ఆరు సిరామిక్ బిళ్లలు. రెండు ముక్కల ఫ్లైవీలు తీసేసి ఒకే ముక్కది వేశారు. దాంతో న్యూట్రల్‌లో నిలబెడితే గేర్‌బాక్సు లోంచి డబ్బాలో గోళీలు గిలక్కొట్టినట్టు చప్పుడు. వాచ్‌మన్ రెండుసార్లు కారు కింద టార్చి వేసి చూశాడు.

ఇట్లా ఉండగా మా బావమరిది పెళ్లి. మాట్లాడుకున్న కారు రాలేదు. అత్తయ్యగారు "అల్లుడుగారి కారుంది కదా, ఏదో రేసు కారంట" అన్నారు, పదిమందిలో. ఆ మాటకి నేను ఛాతీ కూడా విరిచాను, దాచడమెందుకు.

బరాత్ గురించి ఒక లెక్క చెప్పాలి. నా కారు మొదటి గేరులో, ఏ పెడలూ తొక్కకుండా వదిలేస్తే, తనంతట తను గంటకి సుమారు 7 కిలోమీటర్లు నడుస్తుంది. గుడి నుంచి హాలుకి అర కిలోమీటరు. దానికి మావాళ్లు పెట్టుకున్న టైము గంటన్నర. అంటే గంటకి 333 మీటర్లు. 7 కిలోమీటర్లకీ 333 మీటర్లకీ మధ్యనున్న తేడాని ఎవరో ఒకరు భరించాలి కదా, ఆ భరించేదే క్లచ్. హాఫ్ క్లచ్‌లో జారుతూ, రుద్దుకుంటూ, ఆ వేడంతా మింగుతూ, ఉమ్మడి కుటుంబంలో పెద్దకోడలిలా సర్దుకుపోవాలి. నాదేమో జారొద్దనే 42,000 పోసి తెచ్చుకున్నది. దానికి తెలిసినవి రెండే మాటలు, అవును, కాదు. నడుమ "చూద్దాంలే" అన్నమాటే లేదు. "చూద్దాంలే" లేకుండా ఈ ఊళ్లో కారెట్లా నడుస్తుంది, అసలు ఏ పనైనా ఎట్లా నడుస్తుంది?

పెడల్ వెంట్రుకవాసి వదిలాను. కారు అడుగున్నర ముందుకి ఎగిరి ఠక్కున ఆగింది. పెళ్లికొడుకు బాసింగం కనుబొమల మీదికి జారింది. మళ్లీ వదిలాను. ఈసారి పెళ్లికూతురి చేతిలో ముత్యాలు అతికించిన కొబ్బరిబోండం నా సీటు వెనకకి వచ్చి కొట్టుకుంది. మూడోసారికి ముందు నడుస్తున్న డప్పులవాళ్లు ఆగి వెనక్కి చూశారు. బ్యాండ్ మాస్టర్ రెండు గంతులు శ్రద్ధగా గమనించాడు, తల పంకించాడు, కర్ర పైకెత్తాడు. ఆయనకి అర్థమైనదేమంటే, కారు కావాలనే ఆడుతోంది.

అంతే, అక్కణ్నుంచి తీన్‌మార్ నా ఎడమకాలి చేతిలోకొచ్చింది. రెండు గంతులు, ఒక ఆగుడు, రెండు గంతులు, ఒక ఆగుడు. నేను గంతేస్తే వాళ్లు కొడుతున్నారు, వాళ్లు కొడుతున్నారని కుర్రాళ్లు ఎగురుతున్నారు, వాళ్లు అడ్డంగా ఎగురుతున్నారని నేను పెడల్ తొక్కుతున్నాను. ఆ పెడల్ సంగతి రెండు రోజుల్లో అలవాటవుతుందన్నాడు చూడండి, ఇరవై నిమిషాలకే పిక్క పట్టేసి కాలు దానంతటదే వణకడం మొదలైంది. కాలు వణికితే కారు వణికింది. దరువు తప్పినప్పుడల్లా బ్యాండ్ మాస్టర్ వెనక్కి తిరిగి నన్ను కోపంగా చూశాడు, శ్రుతి తప్పిన సన్నాయివాణ్ని చూసినట్టు. ఎవరో వంద నోటు బానెట్ చుట్టూ మూడుసార్లు తిప్పి, ఎవరికివ్వాలో తోచక వైపర్ కింద పెట్టారు.

"అన్నయ్యా, హ్యాండ్ బ్రేకు తీశారా?" అంది వెనకనుంచి కొత్త పెళ్లికూతురు. ఆ అమ్మాయి నాతో మాట్లాడిన మొదటి మాట అది.

ఈలోగా వాసన మొదలైంది. మాడిన వాసన. నాకు ఎక్కడిదో తెలుసు, చెప్పే ధైర్యం లేదు. అత్తయ్యగారు బగారా అన్నం అడుగంటిందని తీర్మానించి ఒక పిల్లవాణ్ని హాలుకి పరిగెత్తించారు. వాడు వెళ్లి వంటాయన్ని నలుగురిలో అడిగాడట. ఆయన అలిగి గరిటె కింద పెట్టాడట. ఆ పంచాయితీ తెల్లారేదాకా నడిచింది.

అప్పుడు సూర్యాపేట చినమామయ్య కిటికీలోంచి తల లోపలికి పెట్టాడు. వాసన పీల్చాడు. గోళీల చప్పుడు విన్నాడు. ఆయన ముప్ఫై ఏళ్లుగా ట్రాక్టర్ నడుపుతున్న మనిషి.

"అల్లుడూ, ఇది బటన్ ప్లేటా?"

"రేసింగ్ క్లచ్ మామయ్యా. సిరామిక్."

"అదేలే. మా ట్రాక్టర్ల గూడ గదే ఉంటది" అన్నాడు చాలా ఆప్యాయంగా. "దుక్కికి మంచిగుంటది."

ఇక అక్కణ్నుంచి ఆయన బరాత్ పొడుగునా నా కిటికీ పక్కనే నడుస్తూ, ఎదురైన ప్రతి చుట్టానికీ, అల్లుడి కారులో ట్రాక్టర్ ప్లేటు వేశారని, అందుకే గుంజుతోందని, అల్లుడిది తప్పు కాదని వివరంగా చెప్పుకుంటూ వచ్చాడు. నా పక్షాన మాట్లాడింది ఆయనొక్కడే, ఆయన మాట్లాడకపోయినా బాగుండేది.

చివరి వంద మీటర్లు పెళ్లికొడుకు స్నేహితులు తోశారు. దాని గురించి రాయను.

పొద్దున షాపుకి ఫోన్ చేశాను.

"అన్నా, 800 కిలోమీటర్లు మెల్లగ నడిపి బెడ్డింగ్ చేసిన్రా?"

"అర కిలోమీటరు చేశాను."

"బరాత్‌ల నడుపుతరని మీరు చెప్పలె గదన్నా" అన్నాడు. నేను చెప్పలేదట! "ట్విన్ ప్లేట్ ఏద్దాం. ఆర్గానిక్. మెత్తగుంటది, టార్క్ గూడ మోస్తది. లక్షన్నర."

మెత్తగా ఉండేది ఒకటుందని ఇప్పుడు చెబుతున్నాడు. ఫోన్ పెట్టేశాను. పెట్టీ పెట్టగానే మళ్లీ మోగింది, ఈసారి ఫంక్షన్ హాలు మేనేజరు.

"సార్, సాయంత్రం ఇంకో పెండ్లి ఉంది. నాలుగింటికల్ల బండి తియ్యాలె."

"తీస్తానండీ. ఆ సెల్లార్ ర్యాంపు ఎంత ఏటవాలు ఉంటుంది?"

"రాత్రి మీరే దిగిన్రు గద సార్."

దిగాను. న్యూట్రల్‌లో.