గం.భా.స. వవ్ క్లికో ఎల్లో లేబుల్ గారికి

గంగాభాగీరథీ సమానురాలైన వవ్ క్లికో ఎల్లో లేబుల్ గారికి గుంటూరు నుంచి నమస్కారాలు.

ఈ పిలుపు దగ్గరే చాలాసేపు ఆగిపోయాను. మా శుభలేఖల్లో పెళ్లికూతురి పేరు ముందు చి.ల.సౌ. అని, భర్త పోయిన పెద్దావిడ పేరు ముందు గం.భా.స. అని వేయించడం ఆనవాయితీ. మీ షాంపేన్ సీసా మీద మొదటి మాటే ‘వవ్’. ఫ్రెంచిలో విధవ అని అర్థం. ఇంక అనుమానమెందుకని రెండోదే ఖాయం చేశాను.

మీ ఇంటి చరిత్ర చదివాను. 1772లో ఫ్రాన్సులోని రీమ్స్‌లో ఫిలిప్ క్లికో పెట్టిన వ్యాపారం. ఆయన కోడలు బార్బ్ నికోల్‌కి 1805లో భర్త పోయాడు. అప్పటికి ఆవిడకి 27 ఏళ్లు, ఓ చిన్న కూతురు. ఆ వయసుకి మా వైపయితే వెనక గదిలో చాప వేసి, మిగతా జీవితం అక్కడే గడపమనేవాళ్లు. ఆవిడ మామగారిని ఒప్పించి వ్యాపారం చేతిలోకి తీసుకుంది. ఆ ముందు ఏడాదే, 1804లో, నెపోలియన్ పౌరచట్టం వచ్చింది. మొగుడి అనుమతి లేకుండా పెళ్లాం ఏ ఒప్పందమూ చేసుకోకూడదట. విధవ మాత్రం నిక్షేపంగా చేసుకోవచ్చు. ఆవిడ మళ్లీ పెళ్లి జోలికి పోలేదంటే, ఎందుకు పోతుంది మరి! మెళ్లో దండ పడిన మరుక్షణం చేతిలో కలం పోతుంది.

1814లో నెపోలియన్ యుద్ధం పూర్తిగా సద్దుమణగకముందే, పోటీవాళ్లకి చెప్పకుండా ఓడ మాట్లాడి, 1811 పంట సీసాలు 10,000కు పైగా రష్యా దారి పట్టించింది. మీ మందులో అడుగున పేరుకునే మడ్డి ఆ రోజుల్లో పెద్ద తలనొప్పి. వంటింటి బల్లకి కన్నాలు కొట్టించి, సీసాల్ని తలకిందులుగా గుచ్చి, రోజూ కాస్త తిప్పుతూ మడ్డిని మూతిలోకి దింపే ఉపాయం 1816లో ఆవిడ కొట్లోనే పుట్టిందంటారు. ఇల్లాలి బల్ల కాబట్టి ఆ కన్నాలకి ఎవరూ అడ్డు చెప్పినట్టు లేదు.

ఇక మీ సంగతి. పుట్టిన సంవత్సరం అడిగితే చెప్పరు. షాంపేన్ ప్రాంతంలో 1810లో మొదటిసారిగా ఒకే ఏడాది పంటతో చేసి, ఆ ఏడాది పేరుతో అమ్మింది మీ ఇంటావిడేనంటారు. ఆవిడ పేరు మోసే మీకు మాత్రం జాతకం లేదు. యాభై అరవై ఊళ్ల ద్రాక్ష, సగం పినో న్వార్, మిగతాది షార్డొనే, మునియే. అందులో దాచిపెట్టిన పాత ఏళ్ల వైను మీ సెల్లార్ మాస్టర్ కలుపుతారు. ఆ చలిదేశంలో ఓ ఏడాది మంచు కొడుతుంది, ఓ ఏడాది వానలు ముంచుతాయి, అందుకని రుచి ఏటా ఒకేలా ఉండాలంటే కలపక తప్పదు. ఒప్పుకుంటాను. మా అమ్మ కూడా కొత్త బియ్యం ముద్దవుతాయని రెండు గ్లాసులు పాతవి కలిపి వండుతుంది. ఇన్నేళ్లలో ఆవిడని సెల్లార్ మాస్టర్ అన్నవాళ్లు లేరు, ఉప్పు తగ్గిందన్నవాళ్లు మాత్రం ఉన్నారు.

ఆ మాటకొస్తే మీ రుచి కూడా ఎప్పుడూ ఇదే కాదు. 2010లో బాల్టిక్ సముద్రం అడుగున మునిగిన ఓడలో మీ ఇంటి పాత సీసాలు దొరికాయి. పరీక్ష చేస్తే లీటరుకు ఇంచుమించు 150 గ్రాముల చక్కెర. అది మందా, పాకమా? ఇప్పుడు బ్రూట్, అంటే తీపి తక్కువ రకం, అని రాసుకోవాలంటే 12 దాటకూడదు. మీకూ షుగర్ కంట్రోల్లోకి వచ్చిందన్నమాట.

మీ ఎల్లో లేబుల్ రంగుని 1877లో రిజిస్టర్ చేయించుకున్నారు. ఎల్లో ఏమిటండీ, చూసినవాళ్లెవరైనా నారింజ అంటారు. సరే, పెద్దింటివాళ్లు ఏది చెబితే అదే రంగు. ఆ తర్వాత నాలుగేళ్లకి, 1881 డిసెంబరు 11న, రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించారు. చేయించినవాళ్లకి వెలి తప్పలేదు. అదే కాలంలో మీ విధవ పేరు చూసి దొరలు ఎగబడి కొనుక్కున్నారు.

అసలు ఈ ఉత్తరం ఎందుకంటే, మొన్న మా మేనత్త మనవరాలి నిశ్చితార్థం. అత్తయ్య కొడుకు, అంటే మా బావ, డాలస్ నుంచి వస్తూ డ్యూటీ ఫ్రీలో మిమ్మల్ని కొన్నాడు. పొద్దున తాంబూలాలు మార్చుకునేటప్పుడు అత్తయ్య తలుపు వెనకే నిలబడింది. ఎవరూ పొమ్మనలేదు. ముప్ఫై ఏళ్ల అలవాటు, కాళ్లే అక్కడ ఆగిపోయాయి. పళ్లాలన్నీ సర్దింది ఆవిడే. ముత్తైదువలొచ్చి పట్టుకెళ్లారు.

రాత్రి డాబా మీద మిమ్మల్ని బల్ల మధ్యలో పెట్టి, కాబోయే జంటని అటూ ఇటూ నిలబెట్టి ఫొటోలు తీశారు. సూట్‌కేసులో కుదుపులు, ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన అరగంటే చోటు. మీలో గాలి కారు టైరు కంటే రెట్టింపుకి పైగా బిగించి ఉంటుందని బావకి ఎవరు చెప్పాలి? ఊపి మరీ తీశాడు. బిరడా వెళ్లి షామియానా గొట్టానికి తగిలింది. సగం నురగ వియ్యంకుడి పట్టుపంచె మీద. మిగిలిందేదో స్టీలు గ్లాసుల్లో పోసుకున్నాం.

అప్పుడే అత్తయ్య బజ్జీల పళ్లెంతో పైకొచ్చింది. పళ్లెం దించి, ఖాళీ సీసాని కొంగుతో తుడిచి అటూ ఇటూ తిప్పింది.

“దీని పేరేంట్రా?”

నేను నీళ్లు నమిలాను. “ఏదో ఫ్రెంచి పేరు అత్తయ్యా. క్లికో అనే ఆయన... భార్య... ఆయన పోయాక...”

“విధవరాలా?”

“ఆఁ.”

కళ్లజోడు సర్దుకుని లేబుల్ మీద వేలుతో రాసింది. రంగేమైనా అంటుకుందా అని వేలు చూసుకుంది.

“మరి ఒంటికి ఈ పసుపేంట్రా?”

“పసుపు కాదత్తయ్యా, నారింజ,” అన్నాను.

ఇట్లు,
తమ సీసాలో తన వంతుకి రెండు గుక్కలే వచ్చిన
ఒక మేనల్లుడు