ఎనిమిది సీక్రెట్లు, ఒక కోటు

ఈ వారంలో ఇది ఆరోసారి. పొద్దున్నే మా ఫోటో స్టూడియో షాపు షట్టర్ ఎత్తుతుంటే ఫోన్ టింగుమంది. 'డిజైనర్ మిత్రులారా! ఇన్‌స్టిట్యూట్లు మీకు చెప్పని 8 ఫోటోషాప్ సీక్రెట్లు! లేయర్ ఎఫెక్టుల్లో కింగ్ అవ్వండి! కనీసం 10 గ్రూపులకు పంపండి!' పంపింది మా బావమరిది. వాడికి ఫోటోషాప్‌కీ ఫోటో స్టాండుకీ తేడా తెలియదు. నాకు పనికొస్తుందని ప్రేమగా పంపాడు. అంతకుముందు పంపిన ఐదుగురికీ దండం బొమ్మ పెట్టి ఊరుకున్నాను. ఈసారి ఊరుకోలేకపోవడానికి కారణం వేరే ఉంది. మా దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రాడు ఆ మెసేజ్‌లోని ఏడో పాయింటు చదివి, నిన్న ఒక పెళ్లి తాలూకు పీఎస్‌డీలన్నీ (ఒకదాని మీద ఒకటి పేర్చిన పొరలు, అంటే లేయర్లు, విడివిడిగా ఉండే ఫోటోషాప్ ఫైళ్లు) డిలీట్ కొట్టేశాడు. రీసైకిల్ బిన్‌లో ఉన్నాయి కాబట్టి బతికిపోయాం.

ఏడో పాయింటు దగ్గరికి నిదానంగా వస్తాను. ముందు చిల్లర ఊడ్చేద్దాం.

ఒకటో సీక్రెట్: 'లేయర్లు ఎంత ఎక్కువైతే ఫోటో క్వాలిటీ అంత పెరుగుతుంది.' దుప్పట్లు ఎక్కువైతే మంచం పొడుగవుతుందా? 12×36 అంగుళాల ఆల్బమ్ షీటు అంగుళానికి 300 పిక్సెళ్ల (ఫోటోలోని చుక్కల) రెసొల్యూషన్‌లో అంటే 3600×10800, దాదాపు 3.9 కోట్ల పిక్సెళ్లు. ఫోటోతో నిండిన ఒక్కో లేయరూ మెమరీలో 117 ఎంబీ దాకా తింటుంది. అలాంటివి పది పెడితే 1 జీబీ దాటింది. పెరిగేది క్వాలిటీ కాదు, ఫ్యాన్ చప్పుడు. వెలుగునీ రంగునీ సరిచేసే కర్వ్స్, లెవెల్స్ లాంటి అడ్జస్ట్‌మెంట్ లేయర్లు వేసుకోండి, వాటికి పెద్ద బరువుండదు. అంతే, పదండి.

రెండోది: 'డబుల్ ఎక్స్‌పోజర్ కావాలా? రెండు ఫోటోలు ఒకదాని మీద ఒకటి పెట్టి పైదాని ఒపాసిటీ 50 చేయండి. రెడీ!' ఒపాసిటీ అంటే పై పొర ఎంత దట్టంగా కనబడాలన్న అంకె. రెడీ అయ్యేది డబుల్ ఎక్స్‌పోజర్ కాదు, గంజి. పెళ్లికొడుకు ఆకారంలో గుడి గోపురం కనబడాలని అడుగుతారు కదా, దాన్నే తీసుకుందాం. నల్లసూటు వెలుగు విలువ (0 నలుపు, 255 తెలుపు) 20 అనుకోండి, గోపురం వెనక ఆకాశం 220. ఒపాసిటీ 50 పెడితే వచ్చేది సగటు, 120. సూటూ నలుపు కాదు, ఆకాశమూ వెలుగు కాదు. పెళ్లికొడుకు వెనకున్న తెల్ల గోడ మీద కూడా గోపురం దెయ్యంలా తేలుతుంది. అదే బ్లెండింగ్ మోడ్ (పై పొర కింది పొరతో ఎలా కలవాలో చెప్పేది) స్క్రీన్‌కి మార్చి చూడండి. స్క్రీన్ చేసేది రెండు వెలుగుల్ని కలపడం: 20 మీద 220 వేస్తే 223. అంటే సూటులో ఆకాశం ఆకాశంలాగే వస్తుంది. వెనక తెల్ల గోడ 250 ఉంటే దాని మీద ఏది వేసినా 250 పైనే, అక్కడ గోపురం కనబడదు. ఆకారం దానంతటదే కట్ అయినట్టు వస్తుంది. రీలు రోజుల్లో ఒకే ఫ్రేము మీద రెండుసార్లు షట్టర్ కొడితే జరిగేదీ దాదాపు ఇదే, వెలుగు మీద వెలుగు చేరడం. సగటు ఎక్కడా లేదు. ఈ మెసేజ్ రాసిన మహానుభావుడు బ్లెండింగ్ మోడ్ల మెనూ ఒక్కసారైనా కిందికి లాగి చూశాడా అని నా అనుమానం.

మూడోది తర్వాత చెబుతాను. నాలుగోది: 'వాట్సాప్‌లో వచ్చిన ఫోటో 72 ఉంటుంది, ఇమేజ్ సైజులోకి వెళ్లి 300 చేస్తే ప్రింటుకి రెడీ.' అయ్యా, అంగుళానికి ఎన్ని పిక్సెళ్లో చెప్పే ఆ అంకె మార్చినంత మాత్రాన ఫోటోలోకి కొత్త వివరం ఎక్కడినుంచి వస్తుంది? వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో పొడవు వైపు 1600 పిక్సెళ్ల దగ్గరకు కుదించుకుపోయి వస్తుంది. దాన్ని 36 అంగుళాలకు సాగదీస్తే అంగుళానికి 44 పిక్సెళ్లు. అక్కడ 300 అని రాసుకున్నా 3000 అని రాసుకున్నా పెళ్లికూతురి కనురెప్పలు మళ్లీ మొలవవు. ఏఐ టూల్స్ మొలిపిస్తాయి గానీ అవి ఆ అమ్మాయి కనురెప్పలు కావు. ఫోటోను డాక్యుమెంట్‌గా పంపమని పార్టీకి ఒక్క మాట చెప్పండి, చాలు. ఫ్లెక్సీలకైతే ఈ గొడవే లేదు. ఇరవై అడుగుల ఫ్లెక్సీని రోడ్డు అవతలినుంచి చూస్తారు, 72 కూడా ఎక్కువే.

ఐదోది: 'కొత్త ఫైలు ఎప్పుడూ సీఎంవైకేలోనే మొదలుపెట్టండి, కలర్స్ బ్రైట్‌గా వస్తాయి.' సరిగ్గా రివర్సు. సీఎంవైకే అంటే ప్రెస్సులో వాడే నాలుగు సిరాల రంగుల లెక్క. చిలకాకుపచ్చ పట్టుచీరను సీఎంవైకేలో పెట్టి చూడండి, నానబెట్టిన మెంతికూరలా అవుతుంది. అంత మెరిసే పచ్చని నాలుగు సిరాలు కలిపి తేలేం. పైగా ఆ మోడ్‌లో చాలా ఫిల్టర్లు పనిచేయవు. ఆఫ్‌సెట్‌లో కొట్టే శుభలేఖలకు చివర్లో మార్చుకోండి. ఫోటో పేపరు మీద వేసే ల్యాబ్ వాళ్లు అడిగేది ఎస్‌ఆర్‌జీబీ (స్క్రీన్ల మీద మామూలుగా వాడే రంగుల లెక్క) జేపెగ్. మీ ల్యాబ్‌కి ఫోన్ చేసి అడగండి, నన్ను నమ్మక్కర్లేదు.

ఆరో సీక్రెట్ పేరే 'బ్రైడ్ గ్లో ఎఫెక్ట్'. లేయరు కాపీ చేసి, గాసియన్ బ్లర్ కొట్టి (అంటే మసక చేసి), స్క్రీన్ పెట్టి, ఒపాసిటీ 100 ఉంచాలట. 'ఎంత నల్లగా ఉన్న అమ్మాయైనా మెరిసిపోతుంది.' ఈ వాక్యం చదివి ఫోన్ పక్కన పెట్టేసి టీ తాగొచ్చాను.

టెక్నిక్ కొత్తదేం కాదు. 1980ల్లో మైఖేల్ ఆర్టన్ అనే కెనడా ఫోటోగ్రాఫర్ రెండు స్లయిడ్లు, ఒకటి షార్ప్‌గా, ఒకటి ఫోకస్ తప్పించి, రెండూ కాస్త ఎక్కువ వెలుగుతో తీసి, ఒకదాని మీద ఒకటి అతికించేవాడు. చెట్లూ మంచూ కలలో చూసినట్టు వచ్చేవి. దాన్ని మనవాళ్లు పెళ్లికూతుళ్ల మీద పడేశారు. ఒపాసిటీ 100లో ఏమవుతుందంటే, నగల మెరుపు 235 ఉంటే 253కి పోతుంది. పాపిటబిళ్లలో రాళ్లు, చీర జరీ, ముక్కుపుడక అన్నీ కలిసి తెల్ల ముద్ద. లక్షలు పోసి కొన్న నగలు ఆల్బమ్‌లో సున్నం కొట్టినట్టుంటాయి. ఎఫెక్టు కావాలంటే 20, 25 దగ్గర ఆపండి. ముఖం మీద మాస్కు (పొరలో అక్కర్లేని భాగాన్ని కనబడకుండా కప్పే తెర) వేసి తగ్గించండి.

రంగు సంగతి. నేనేమీ శుద్ధపూసని కాదు. ఈ షాపులో నేను కూడా తెల్లబరిచాను, చాలామందిని. 'కొంచెం కలర్ రానివ్వండి అన్నా' అని పెళ్లికొడుకు అక్కే వచ్చి పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంటే చేయక చస్తామా అనుకునేవాణ్ణి. తర్వాత ఒకసారి ఆల్బమ్ తీసుకెళ్లడానికి పెళ్లికూతురే వచ్చింది. పేజీలు తిప్పి, 'మా అమ్మ పక్కన నేను ఎవరి కూతురిలానో ఉన్నాను' అని నవ్వింది. నవ్విందే గానీ నాకు నవ్వులా వినబడలేదు. ఫెయిర్ అండ్ లవ్లీ అంతటిది 2020లో పేరులోంచి 'ఫెయిర్' తీసేసి 'గ్లో' పెట్టుకుంది. మన సీక్రెట్ల మహానుభావుడూ గ్లో అనే అంటున్నాడు, కాబట్టి పేరు మారిందే గానీ డబ్బాలో సరుకు మారలేదనుకోవాలి.

మూడోదీ ఏడోదీ కలిపి చెబుతాను. నా కడుపుమంటంతా అక్కడే ఉంది.

మూడు: 'మాస్కులతో టైమ్ వేస్ట్, ఎరేజర్‌తో తుడిచేయండి, ప్రొఫెషనల్స్ అంతా అలాగే చేస్తారు.' ఏడు: 'పని అయిపోగానే ఫ్లాటెన్ చేసి జేపెగ్ సేవ్ చేసి పీఎస్‌డీ డిలీట్ చేయండి. సిస్టమ్ స్పీడ్ పెరుగుతుంది.' ఫ్లాటెన్ అంటే లేయర్లన్నీ ఒకే పొరగా అతికించేయడం.

మేం షాపు పెట్టిన రెండో ఏడు. ఒకాయన వాళ్ల నాన్నగారి ఫోటో తెచ్చాడు, పెద్దకర్మకి లామినేషన్ కావాలని. ఉన్నది ఒకే ఒక్క ఫోటో. ఎవరి పెళ్లిలోనో తీసిన గ్రూపు ఫోటో, ఫ్రేములో అద్దానికి అతుక్కుపోయింది. అద్దం మీంచే స్కాన్ చేశాను. పెద్దాయన భుజం మీద కండువా, కండువా మీద పక్కాయన చెయ్యి. చెయ్యి తీయాలి. అప్పట్లో నాకూ మాస్కు వేసే ఓపిక లేదు, ఎరేజరే. చేతితో పాటు కండువా సగం, భుజం కొంచెం పోయాయి. పోతే పోనీ అనుకుని రెడీమేడ్ కోటు బొమ్మల ఫోల్డర్ తెరిచాను. పాత స్టూడియోల వాళ్లకు తెలుసు ఆ ఫోల్డర్ సంగతి. పొలంలో పుట్టి పొలంలో పోయినవాడికైనా నల్లకోటు, నీలం బ్యాక్‌గ్రౌండ్. కోటు తగిలించి, ఫ్లాటెన్ కొట్టి, స్కాన్ ఫైలు పేరుతోనే దాని మీదే సేవ్ చేసి ప్రింటుకి పంపాను. సిస్టమ్ భలే స్పీడుగా ఉంది.

కర్మ అయిన నాలుగు రోజులకు ఆయన వాళ్లమ్మగారిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆవిడ గొడవేమీ పెట్టలేదు. "ముఖం బాగా వచ్చింది బాబూ. ఆయన జన్మలో కోటు తొడుక్కోలేదు. ఆ కండువా ఉంచలేవా?" అంది.

కండువా నా దగ్గర లేదు. ఏ లేయర్లోనూ లేదు, అసలు లేయర్లే లేవు. పాత ఫోటో మళ్లీ తెమ్మన్నాను. అద్దం నుంచి ఊడదీయబోతే ఆ భుజం దగ్గరే చిరిగిందని కొడుకు చెప్పాడు. చివరికి ఇంకెవరి కండువానో ఫోటో తీసి వేసిచ్చాను. డబ్బులు తీసుకోలేదు. ఆవిడ చూసి తలూపింది. అంచు రంగు వేరని నాకు తెలుసు, ఆవిడకి ఇంకా బాగా తెలుసు.

మాస్కు వేసి ఉంటే? తెల్ల బ్రష్ తీసుకుని రుద్దితే రెండు నిమిషాల్లో కండువా వెనక్కొచ్చేది. ఎరేజర్ పిక్సెల్ని చంపేస్తుంది, మాస్కు దాని మీద దుప్పటి కప్పుతుంది. ఫైలు మూసేశాక, చేసిన మార్పుల్ని వెనక్కి తిప్పే హిస్టరీ ప్యానెల్ కూడా మిమ్మల్ని కాపాడదు. ఈ రెండిట్లో ఏది ప్రొఫెషనల్ పనో మళ్లీ నేను చెప్పాలా?

ఫోటోషాప్ మొదటి వెర్షన్ 1990లో వచ్చింది. అందులో లేయర్లే లేవు. ఒక బొమ్మ తెచ్చి అతికించి, సెలెక్షన్ వదిలారంటే అతుక్కుపోయినట్టే. 1994లో లేయర్లతో 3.0 వెర్షన్ వచ్చాక గానీ ఆ బాధ తీరలేదు. సినిమావాళ్లనైతే అడగనే అక్కర్లేదు. హీరో ద్విపాత్రాభినయం చేస్తే మాస్క్ షాట్ తీసేవారు. ఫ్రేములో సగం మూసి ఒకవైపు తీసి, ఫిల్మ్ వెనక్కి తిప్పి, రెండో సగం మూసి మళ్లీ తీయాలి. రెండో టేకులో తప్పు జరిగిందా, బాగా వచ్చిన మొదటిదీ పోయినట్టే. ఆ టెన్షన్ లేకుండా చేయడానికి వచ్చిన సదుపాయాన్ని స్పీడు కోసం డిలీట్ చేయమంటున్నాడు ఈయన!

స్పీడ్ అట. పీఎస్‌డీ హార్డ్ డిస్కులో పడుకుని ఉంటే ర్యామ్‌కి వచ్చిన నష్టమేంటి? డిస్కు నిండిపోతోందంటే అది నిజమైన సమస్య, ఒప్పుకుంటాను. షీటు 500 ఎంబీ చొప్పున 40 షీట్ల పెళ్లికి 20 జీబీ. దానికి ఎక్స్‌టర్నల్ డ్రైవ్ ఉంది. సంవత్సరం, నెల, ఇంటిపేరు రాసి ఫోల్డర్లో పెట్టి బీరువాలో పడేయండి. జేపెగ్ కూడా ఉంచుకోండి, ల్యాబ్‌కి పంపడానికి అదే కావాలి. కానీ జేపెగ్‌లో లేయరూ ఉండదు, పారదర్శకతా ఉండదు, సేవ్ చేసిన ప్రతిసారీ కొంత గీకేస్తుంది. పార్టీ ఆరు నెలల తర్వాత వచ్చి 'మామయ్యగారి ఫోటో కూడా చేర్చండి' అంటే ఏం చేస్తారు? పెళ్లి మళ్లీ చేయమంటారా?

ఇక ఎనిమిదోది: 'ప్రతి లేయరుకీ పేరు పెట్టండి.' దీన్ని కూడా ఏకేద్దామని కూర్చున్నాను. సీక్రెట్ అంట, ఇదొక సీక్రెట్!

ఈలోగా మధ్యాహ్నం ఒక పార్టీ వచ్చింది. 2019లో చేసిన పుట్టినరోజు డిజైన్, అదే మళ్లీ కావాలి, ఈసారి చిన్నమ్మాయికి. పేరు, ఫోటో మారిస్తే చాలు, పది నిమిషాల పని అని గొప్పగా చెప్పి కూర్చోబెట్టాను. చూశావా, పీఎస్‌డీ దాచుకుంటే ఇదీ లాభం అని మా కుర్రాడికి కూడా వినబడేలా అన్నాను. ఫైలు తెరిచాను. 63 లేయర్లు. లేయర్ 1, లేయర్ 1 కాపీ, లేయర్ 1 కాపీ 2, లేయర్ 12 కాపీ 6. ఒక్కదానికీ పేరు లేదు. పాప చుట్టూ సీతాకోకచిలుకల నీడ ఎక్కడుందో వెతకడానికి లేయర్ల పక్కనున్న కన్ను గుర్తుల్ని ఒక్కొక్కటిగా ఆర్పుతూ వెలిగిస్తూ ముప్పావుగంట కూర్చున్నాను. ఆ పార్టీ రెండు టీలు తాగాడు. నీడ 'లేయర్ 40 కాపీ'లో ఉంది. లేయర్ 40 మాత్రం ఖాళీ.

మా కుర్రాడు ఏమీ అనలేదు. ఫోన్ తీసి ఆ మెసేజ్‌లో ఎనిమిదో పాయింటు దగ్గర వేలు పెట్టి నా ముందు ఉంచి వెళ్లాడు.

సరే. ఎనిమిదోది రైటు. బావమరిదికి ఈసారి దండం బొమ్మ కాకుండా 'థాంక్స్‌రా' అని పెట్టాను.