హెచ్‌పీ పంచాయితీ ఆపి, ముందు బకెట్టుకి పళ్ళు కట్టించండి

డాలస్ చుట్టుపక్కల పదెకరాలో పన్నెండెకరాలో కొనుక్కున్న మనవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ట్రాక్టరు మాట వచ్చిందంటే చాలు, మొదటి ప్రశ్న హెచ్‌పీ ఎంత అని. 25 సరిపోతుందా, 35కి వెళ్ళమంటారా, ఇంకో మూడు వేలు పోస్తే 40 వస్తుందట కదా అన్నా... అర్ధరాత్రి దాకా ఇదే. తర్వాత రంగుల గొడవ. నారింజ రంగు కుబోటా గొప్పదా, పచ్చ రంగు జాన్ డీర్ గొప్పదా, మన మహీంద్రా ఎర్రబండి ఏం తక్కువ తిందని. (మహీంద్రా 1994 నుంచీ ఈ దేశంలో ట్రాక్టర్లు అమ్ముతోంది, మనవాళ్ళ అభిమానం అర్థం చేసుకోదగ్గదే.) ఇంత చర్చలోనూ లోడరుకి (ట్రాక్టరు ముందుండే, బరువెత్తే రెండు ఉక్కు చేతులకి) ఏం తగిలిస్తున్నావు, సీటు వెనక ఎంత బరువు పెడుతున్నావు అని ఒక్కడూ అడగడు. అడిగితే, "బకెట్ వస్తుంది కదండీ దాంతోపాటు" అంటారు.

ఈ హెచ్‌పీ పిచ్చి మనకి ఎక్కడిదో నాకు తెలుసు. మన ఊళ్ళల్లో ట్రాక్టరంటే దుక్కి, దమ్ము, రోటవేటరు, ట్రాలీ. వాటికి ఇంజను బలం కావాలి, కాదనను. మట్టి ఎత్తే పని పడితే జేసీబీ అతనికి ఫోన్ చేస్తాం, వచ్చి గంట లెక్కన చేసిపోతాడు. ఇక్కడ కథ తిరగబడింది. పదెకరాల ఆసామి ఏడాది మొత్తంలో దున్నేది ఇంటెనక కూరగాయల మడి. మిగతాదంతా మట్టి అటునుంచి ఇటు మార్చడం, పడిన చెట్టు లాగడం, దారికి కంకర పరచడం, లారీవాడు గేటు బయట దించిపోయిన పాలెట్‌ని (సరుకు పేర్చిన చెక్క చట్రాన్ని) షెడ్డు దాకా చేర్చడం. అన్నీ ముందున్న లోడరు చేసే పనులే. చిన్న పనికి కాంట్రాక్టరు రాడు, వస్తే రోజు కూలీ మొత్తం అడుగుతాడు.

లోడరు ఎంత ఎత్తుతుందన్నది హైడ్రాలిక్ పీడనం మీదా సిలిండర్ల లావు మీదా లోడరు కట్టుబడి మీదా ఆధారపడుతుంది. బకెట్ మట్టిలోకి ఎంత దిగుతుందన్నది బండి బరువు మీదా, టైర్ల పట్టు మీదా ఉంటుంది. ఒకే సైజు చట్రం మీద ఇంజను మాత్రం పెంచి మూడు మోడళ్ళు అమ్ముతుంటారు. లోడరు అన్నిటికీ ఒకటే. మీరు అదనంగా పోసిన డబ్బుకి మట్టి తవ్వడంలో వచ్చే లాభం సున్నా. మట్టిలో బకెట్ బిగుసుకున్నప్పుడు ఇంజను ఆగిపోయే దాకా ఎవరూ వెళ్ళరు, అంతకుముందే చక్రాలు అక్కడే తిరిగి గుంటలు చేస్తాయి.

ఇక మట్టి సంగతి. డాలస్ నుంచి దక్షిణాన శాన్ ఆంటోనియో వైపు పోయే నల్లనేల పట్టీని బ్లాక్‌లాండ్ ప్రైరీ అంటారు. అది మన నల్లరేగడికి దగ్గరి చుట్టం. శాస్త్రవేత్తలు రెండిటినీ వెర్టిసాల్ అనే ఒకే కోవలో పెడతారు. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బిగుసుకుని నెర్రెలిస్తుంది, అందులో చెయ్యి దూరుతుంది. ప్రొద్దుటూరు, నంద్యాల వైపు రేగడిలో పెరిగినవాళ్ళకి కొత్తగా చెప్పేదేం లేదు. ఆగస్టులో ఈ నేల మీద పళ్ళులేని బకెట్ పెట్టి ముందుకు తోస్తే అంచు పైపైన జారిపోతుంది. గడ్డి గీరుకుంటుంది, మట్టి రాదు. అప్పుడు మనవాడు బకెట్‌ని ఇంకా కిందికి వంచి, ముందు చక్రాలు గాల్లోకి లేచేదాకా నొక్కి, వేగంగా వచ్చి గుద్దుతాడు. గడ్డపార పట్టాల్సిన చోట చేటపార పట్టుకుని చేతులు నొప్పెట్టించుకోవడం ఇది.

టూత్ బార్ అంటే పెద్ద యంత్రమేం కాదు. బకెట్ కింది అంచుకి ముందు తొడిగే ఉక్కు కడ్డీ, దానికి వరసగా పళ్ళు. చాలావాటికి బకెట్ రెండు పక్కల గోడలకి చెరో బోల్టు, అంతే. బలం వెనక్కి తోస్తుంటుంది కాబట్టి అది అంచు మీద బిగుసుకునే ఉంటుంది. దీనివల్ల లోడరుకి కొత్త బలం రాదు, ఉన్న బలమే కొద్ది చోట పడుతుంది. 54 అంగుళాల బకెట్ అంచు మొత్తం ఒకేసారి నేలకి ఆనితే ప్రతి అంగుళానికీ బలం పంచుకుపోతుంది. అంగుళంన్నర వెడల్పున్న పళ్ళు ఏడు ఉన్నాయనుకోండి, మొదట మట్టిని తాకేది పదిన్నర అంగుళాలే. అదే తోపు, అయిదో వంతు చోటు. రేగడి పగిలి లోపలికి దారిస్తుంది.

రెండు రకాలున్నాయి. విడివిడిగా పొడుచుకొచ్చిన పళ్ళున్నది ఒకటి, రంపంలా కోసిన ఒకే పలక ఇంకోటి. బీఎక్స్‌పాండెడ్ అనే కంపెనీ పిరాన్హా పేరుతో అమ్మేది రెండో రకం. గట్టి నేలకీ రాళ్ళకీ మొదటిది, వేళ్ళు కొయ్యడానికీ తుప్పలు పెరకడానికీ రెండోది. పళ్ళ మధ్య సందుల్లోంచి సన్నకంకర జారిపోతుందని సణిగేవాళ్ళు కూడా రెండోదే తీసుకోవచ్చు. నన్నడిగితే రేగడికి మొదటిదే. కొన్ని వందల డాలర్ల వస్తువు. పది హెచ్‌పీ పెంచడానికి వేలు పోసేవాళ్ళు దీని దగ్గర బేరమాడతారు!

"నేల చదును కాదు, గీతలు పడతాయి" అంటారు. నిజం, పడతాయి. చదును చెయ్యాలంటే వెనక బాక్స్ బ్లేడ్ ఉంది, అది లేకపోతే రెండు బోల్టులు విప్పండి. పచ్చిక మీద, తారు రోడ్డు మీద దీనితో పని లేదు. అంతకంటే ముఖ్యమైనది నేల పదును. మనవాళ్ళు వాన పడిన రెండు మూడు రోజులకి, అడుగుకి అంటకుండా ముద్దయ్యే పదునులో అరక కట్టేవారు. బకెట్ పనికీ అదే సమయం. బురదలో తవ్వితే పళ్ళున్నా లేకున్నా బకెట్ నిండా జిగురు మట్టి, దులిపితే రాలదు.

వాడే తీరు కూడా తెలియాలి. బకెట్‌ని కొద్దిగా కిందికి వంచి, తక్కువ వేగంలో మెల్లగా లోపలికి పోనిచ్చి, పట్టు దొరికాక ముందుకు పోవడం తగ్గించి బకెట్‌ని వెనక్కి మడవాలి. విరిచే బలం ఆ మడతలో ఉంది. పూర్తిగా కిందికి వంచిన బకెట్‌తో దేన్నైనా తోశారో, పొడుగ్గా బయటికొచ్చిన సిలిండర్ రాడ్ వంగుతుంది. ఒక మూల పంటితో మోడుని పెకిలించబోతే లోడరు చేతులు మెలితిరుగుతాయి. మోడు చుట్టూ నాలుగు వైపులా వేళ్ళు తెంపుకుంటూ రావాలి, ఓపిక లేకపోతే వదిలెయ్యండి, అదే పుచ్చిపోతుంది. తవ్వే ముందు 811కి ఫోన్ చెయ్యండి. ఊరికే వచ్చి గ్యాస్, కరెంటు లైన్ల మీద గుర్తులు పెట్టిపోతారు. పొలం మనదే అయినా దాని కింద పోయే పైపు మనది కాదు.

ఇప్పుడు ఫోర్కులు, అంటే సరుకు కింద దూర్చి ఎత్తే రెండు పొడుగాటి ఉక్కు వేళ్ళు. నా కోపం అసలు ఇక్కడే.

బకెట్ అంచుకి స్క్రూతో బిగించే క్లాంప్ ఫోర్కులు ఆన్‌లైన్లో చవగ్గా దొరుకుతాయి. గ్రూపులో ఒకాయన లింకు పెడతాడు, వెంటనే పాతిక బొటనవేళ్ళు. మీరెప్పుడైనా లెక్క వేశారా? లోడరు బ్రోచర్లో పెద్దక్షరాలతో వేసే బరువు పిన్నుల దగ్గర, అంటే లోడరు చేతులకి బకెట్ తగిలే కీళ్ళ దగ్గర, ఎత్తేది. అక్కడ ఎవరూ బరువు పెట్టరు. పిన్నులకి 500 మిల్లీమీటర్లు ముందు ఎంత ఎత్తుతుందో కింద చిన్నక్షరాల్లో ఉంటుంది, అది బాగా తక్కువ. లెక్క కోసం పిన్నుల దగ్గర 1,100 పౌండ్లు ఎత్తే లోడరు అనుకుందాం. బకెట్ బరువే దాదాపు 150 పోయింది. దాని అంచుకి ఫోర్కులు బిగించారు, అంటే బకెట్ లోతంతా దాటి బయట మొదలైంది మీ సరుకు. పాలెట్ మధ్యభాగం అక్కడినుంచి ఇంకో రెండడుగులు ముందుకి. ఆ దూరంలో 500 పౌండ్లకే వెనక చక్రాలు తేలిగ్గా అనిపించడం మొదలవుతుంది. సీట్లో కూర్చుంటే బకెట్ అడ్డం, ఫోర్కుల కొనలు కనపడవు. బరువు పడేకొద్దీ రెండూ చెరోవైపు విచ్చుకుంటాయి. కొన్నాళ్ళకి బకెట్ అంచు అలలా వంగుతుంది. తర్వాత దానికి టూత్ బార్ పెడదామంటే కూర్చోదు.

బకెట్ తీసి దాని చోట తగిలించే ఫ్రేమ్ ఫోర్కులు కొనండి. ఫ్రేమ్ సందుల్లోంచి కొనలు కనపడతాయి, బకెట్ బరువు, బకెట్ లోతు రెండూ మిగులుతాయి. ఇందులోనూ చిన్న ట్రాక్టరుకని చేసిన తేలికది చూసుకోవాలి. స్కిడ్ స్టీర్ (ప్రత్యేకంగా లోడరు పనికే చేసిన బరువైన బండి) కోసం చేసిన నాలుగు వందల పౌండ్ల ఫ్రేమ్ తెచ్చి తగిలిస్తే మీ బండి ఆ ఫ్రేమునే మోస్తూ తిరుగుతుంది. క్విక్ అటాచ్ (లోడరుకి పనిముట్టు తగిలించే అమరిక) ఏ రకమో కూడా ముందే కనుక్కోండి. జాన్ డీర్ చిన్న ట్రాక్టర్లకి వాళ్ళ సొంత కొక్కేల పద్ధతి ఉంది, మిగతా చాలావాటికి స్కిడ్ స్టీర్ పద్ధతి, కొన్నిటికి ఉత్త పిన్నులే. కొన్నాక తెలిస్తే మధ్యలో అడాప్టర్ వెయ్యాలి, దాని మందం వల్ల ఇంకో రెండు మూడంగుళాలు ముందుకి జరుగుతుంది సరుకు.

సరిగ్గా అమర్చిన ఫోర్కులకి నేను పూర్తిగా దాసోహం. కొట్టిన కొమ్మల కుప్ప కింద దూర్చి ఎత్తితే ఒక్క పట్టున సగం కుప్ప వస్తుంది. దుంగలు, తలుపులు, పాత కంచె స్తంభాలు, షెడ్డు మెట్లు, అన్నీ. అయిదు నుంచి ఇరవై ఎకరాలున్న వాళ్ళకి తేనెటీగలు పెంచినా టెక్సస్ భూమి పన్నులో వ్యవసాయ లెక్క వర్తిస్తుంది కాబట్టి ఎంతోమంది మనవాళ్ళు ఈగలు పెట్టారు. పెట్టెలు పాలెట్ మీద ఉంచితే ఫోర్కులతో కదపడం ఎంత హాయో! నడుము పోయాక తెలుసుకునే బదులు ఇప్పుడే తెలుసుకోండి.

అయితే ఏది ఎత్తకూడదో కూడా తెలియాలి. 80 పౌండ్ల కాంక్రీట్ మిక్స్ బస్తాలు పాలెట్‌కి 42 వస్తాయి, అంటే 3,360 పౌండ్లు. చిన్న ట్రాక్టరుతో ఆ పాలెట్ జోలికి పోవద్దు, బస్తాలు విడదీసి తీసుకెళ్ళండి. 275 గ్యాలన్ల తెల్ల ట్యాంకు నిండా నీళ్ళుంటే టన్ను పైమాటే. 55 గ్యాలన్ల డ్రమ్ములో నీళ్ళు దాదాపు 460 పౌండ్లు, అది పర్లేదు. గడ్డి చుట్ట మాత్రం ఫోర్కుల మీద పైకెత్తకండి. దొర్లితే లోడరు చేతుల మీదుగా నేరుగా డ్రైవరు ఒళ్ళోకి వస్తుంది, అలా మనుషులు పోయారు. దానికి పొడిచి పట్టే ఈటె వేరే ఉంది.

వెనక బరువు గురించి చెప్పకుండా ఇదంతా చెప్పడం దండగ. ముందు బరువెత్తితే ముందు యాక్సిలే తూగుడుబల్లకి మధ్య ఆధారంలా అవుతుంది, వెనక భాగం లేస్తుంది. వెనక టైర్లలో నీళ్ళో షుగర్ బీట్ రసమో పోయిస్తే పట్టు పెరుగుతుంది, మంచిదే, కానీ ముందు యాక్సిల్ మీద భారం తగ్గదు. అది తగ్గాలంటే బరువు వెనక యాక్సిల్ కంటే వెనక, త్రీ పాయింట్ (వెనక పనిముట్లు తగిలించే మూడు చేతులు) మీద వేలాడాలి. ఇసుక నింపిన బ్యాలస్ట్ పెట్టె, లేదంటే బాక్స్ బ్లేడ్, గడ్డికోత యంత్రం, ఏదో ఒకటి. ఎవరూ చెప్పని సంగతి ఇంకోటుంది. ఈ బండ్లలో చాలావాటికి బ్రేకులు వెనక చక్రాలకే. వాలులో దిగుతుంటే వెనక చక్రాలు తేలిపోయాయా, మీరు బ్రేకు తొక్కినా గాల్లో చక్రానికి తొక్కినట్టే. ఫోర్‌వీల్ వేసి ఉంటే ముందు చక్రాలు కూడా పట్టుకుంటాయి. అందుకే బరువుతో ఉన్నప్పుడు ఫోర్‌వీల్ తియ్యకూడదు, వాలు దిగాలంటే సరుకు పైవైపు ఉండేలా వెనక్కి దిగాలి, ఫోర్కులు నేలకి జానెడెత్తులోనే ఉండాలి. చెట్ల కొమ్మలు తగులుతున్నాయని రోల్ బార్ (బండి తిరగబడితే డ్రైవరుని కాపాడే కడ్డీ) మడిచి తిరిగేవాళ్ళని చూస్తే భయమేస్తుంది. 1976 అక్టోబరు తర్వాత తయారైన ట్రాక్టర్ల మీద కూలీలతో పని చేయించాలంటే ఆ బార్, బెల్టు ఉండాలని చట్టం పెట్టింది ట్రాక్టరు తిరగబడి చనిపోయేవాళ్ళని చూసే. బార్ నిలబెట్టండి, బెల్టు కట్టండి, కొమ్మలు కొట్టేయండి.

చివరికి గ్రాపుల్, అంటే లోడరుకి తగిలించే దవడల పంజా. ఇప్పుడందరికీ అదే మోజు, వీడియోల్లో మొసలి నోరులా కొమ్మలు కరిచి పట్టుకుంటుంది కదా. దానికి థర్డ్ ఫంక్షన్ వాల్వు (దవడలు తెరిచి మూసే అదనపు హైడ్రాలిక్ వాల్వు) వేయించాలి, గొట్టాలు లాగాలి, దాని సొంత బరువు మీ లోడరు ఎత్తేదాంట్లోంచే పోతుంది. మెస్కీట్ ముళ్ళచెట్లు తప్ప ఇంకేం లేని పొలమైతే సరే. మిగతావాళ్ళకి నా వరస ఇది: వెనక బ్యాలస్ట్, తర్వాత టూత్ బార్, తర్వాత ఫ్రేమ్ ఫోర్కులు, ఇంకా డబ్బులు మిగిలి విసుగ్గా ఉంటే గ్రాపుల్. నన్ను తిట్టదలుచుకున్న గ్రాపుల్ ఆసాములు కామెంట్లలో కానివ్వండి, కాకపోతే వాల్వుకీ గొట్టాలకీ ఫిట్టింగుకీ కలిపి మొత్తం ఎంతైందో అందులోనే రాయండి.