రాజు గారు, రాడు గారు

కూకట్‌పల్లిలో మేముండే అపార్ట్‌మెంటుకు కోశాధికారిని నేనే. మెయింటెనెన్సు బకాయిల జాబితాను లోకమంతా ఎక్సెల్‌లో దాచుకుంటే, నేను మాత్రం నియోవిమ్ అనే టెక్స్టు ఎడిటరులో సాదా టెక్స్టు ఫైలుగా, ఇంగ్లీషు అక్షరాల్లో ఉంచుతాను. 1976లో బిల్ జాయ్ మొదలుపెట్టిన వీఐ అనే పాత ఎడిటరు వంశంలో పుట్టిన ఆ ఎడిటరులో, మామూలు స్థితిలో ఉండగా నొక్కిన అక్షరం అచ్చు కాదు, ఆజ్ఞగా పనిచేస్తుంది. మౌసు ముట్టకుండా పని సాగుతుందన్నది నా గర్వం.

ఆ గర్వానికి తోడు ఫ్లాష్ అనే ప్లగిన్, అంటే ఎడిటరుకు అదనపు హంగు, ఒకటి తగిలించుకున్నాను. వెతకవలసిన మాటలో ఒకటి రెండు అక్షరాలు కొడితే, అవి తెరమీద దొరికిన ప్రతిచోటా ఒక రంగు అక్షరం లేబుల్‌గా వెలుస్తుంది. దాన్ని నొక్కితే కర్సరు తిన్నగా అక్కడికి దూకుతుంది. చిక్కంతా ఆ లేబుల్ కూర్చునే చోటులో ఉంది. మనం కొట్టిన అక్షరాల పక్కనున్న అసలు అక్షరాన్ని కప్పేసి, అది దానిమీదే తిష్ఠ వేస్తుంది. పైగా, మనం వెతుకులాటను పొడిగించడానికి కొడుతున్నామో, దూకడానికి కొడుతున్నామో తేడా తెలియాలి కనుక, దొరికిన మాటల్లో తరువాత రాగల అక్షరాలను లేబుళ్లుగా వాడనే వాడదు. అంటే, కనిపించే పేరు తప్పుగానే ఉంటుందని ప్లగిన్ స్వయంగా హామీ ఇస్తోందన్నమాట.

ఆ ఆదివారం మా సెక్రటరీ గారు పక్కన కూర్చున్నారు. ఆయన రిటైర్డ్ హెడ్మాస్టరు. పెళ్లి శుభలేఖలోనైనా ముందు అచ్చుతప్పులే చూస్తారు. నేను ‘ఆర్’, ‘ఏ’ కొట్టి రాజు గారి వరుసకు దూకబోతుండగా నీళ్ల ట్యాంకరు వచ్చిందని వాచ్‌మన్ కేక వేయడంతో, లేబుళ్లను తెరమీద అలాగే వదిలి సెల్లారుకు పరుగెత్తాను.

హెడ్మాస్టరు గారి కళ్లకు రాణి గారు ‘రాసి’గానూ, రామయ్య గారు ‘రాగయ్య’గానూ, ఏ మీటింగుకూ రాని రాజు గారు న్యాయంగానే ‘రాడు’గానూ కనిపించారు. ఆ ‘రాడు’లోని ‘డి’ని తుడిచేయాలని సంకల్పించి, డిలీట్‌కు మొదటి అక్షరం అదేనన్న పరిజ్ఞానంతో ‘డి’ నొక్కారు. లేబుల్ కూడా అదే కావడంతో కర్సరు రాజు గారి వరుసకు దూకింది, లేబుళ్లన్నీ మాయమయ్యాయి, ఒక్క దెబ్బతో పేర్లన్నీ బాగుపడ్డాయి. ఆ విజయంతో తృప్తి పడక, మళ్లీ తప్పులు మొలవకుండా ఇంకో రెండుసార్లు నొక్కారట. ఆ ఎడిటరులో ‘డి’ జంటగా పడితే వరుసంతా ఎగిరిపోతుంది.

“అచ్చుతప్పులు దిద్దేశాను బాబూ, ప్రింటు తీసెయ్” అన్నారు నేను తిరిగి రాగానే. తెర శుభ్రంగా కనిపించింది కనుక నేనూ చూడకుండా సేవ్ చేసి మూసేశాను. ఆయన సంతకం పెట్టిన కాగితం లిఫ్టు పక్కన అతుక్కుంది.

లేబుల్‌ను మాటకు ముందు పెట్టించుకోవచ్చు, కానీ అప్పుడు ముందరి అక్షరం గల్లంతవుతుంది; అక్షరాల మధ్య ఇరికిస్తే వరుసంతా పక్కకు జరుగుతుంది. ఈ సెట్టింగులన్నీ నేను ఆ రాత్రే చదివాను.

తరువాతి మీటింగుకు రాజు గారు అందరికంటే ముందే వచ్చి కూర్చున్నారు. మూడు నెలల బకాయి మాట ఎత్తగానే జేబులోంచి నోటీసు ఫోటోకాపీ తీసి, “ఇందులో నా పేరు లేదు కదండీ, కింద సంతకం మాస్టారిదే కదా?” అన్నారు. హెడ్మాస్టరు గారు కళ్లజోడు సవరించుకుని, కాగితమంతా చదివి, “అచ్చుతప్పు ఒక్కటీ లేదు” అన్నారు.