మెత్తటి పటర్: ఒక అత్యవసర విజ్ఞప్తి

బెంగళూరులో తెలుగువాడికి కష్టాలకేం కొదవ లేదు. సిల్క్ బోర్డు జంక్షన్‌లో ట్రాఫిక్ ఉంది, ఇంటి ఓనరు అడిగే అడ్వాన్సు ఉంది, ఆంధ్రా మెస్సులో రోజురోజుకీ పలచబడుతున్న పప్పుచారు ఉంది. అవన్నీ ఆగుతాయి. డిస్క్ గోల్ఫులో దగ్గరి అప్రోచ్‌కి వాడే పటర్ ఎంత మెత్తగా ఉండాలన్నది మాత్రం ఇంకెవరూ తేల్చేలా లేరు.

ఈ ఆటలో బంతికి బదులు డిస్కు, గుంతకు బదులు గొలుసులు వేలాడే ఇనప బుట్ట. డిస్కును బుట్ట దగ్గరికి చేర్చే చిన్న విసురు అప్రోచ్, అలాంటి దగ్గరి విసుర్లకు వాడే డిస్కు పటర్. ఆ బుట్టకు 1970లలో పేటెంటు తీసుకున్న అమెరికన్ ఎడ్ హెడ్రిక్ 2002లో పోతే, ఆయన అస్థికల బూడిదను ప్లాస్టిక్‌లో కలిపి డిస్కులు పోశారు. మనం గోదావరిలో కలుపుతాం, ఆయన గొలుసుల్లో కలిశాడు. ఇంత నిష్ఠ ఉన్న ఆటలో పటర్‌ను ఆఫర్‌లో ఉందని కొనేస్తామా?

కొనే పద్ధతి మనవాళ్ళకు బాగా తెలుసు. మడివాళ మార్కెట్‌లో బెండకాయ కొన విరిచి చూసే చేతులే ఇక్కడా పనిచేస్తాయి. ఒకడు డిస్కును రెండు చేతులా పట్టుకుని అప్పడంలా మడిచి వదులుతాడు. అది టప్పున యథాస్థితికి వస్తుంది. పక్కవాడు అందుకుని అంచు నొక్కుతాడు. "కొంచెం జిగురుగా ఉంది మామా." మూడోవాడు కళ్ళు మూసుకుని నొక్కి, "175 గ్రాములా, 173 ఆ?" అంటాడు. ఆ రెండు గ్రాముల మీద అరగంట చర్చ. వీళ్ళలో ఎవరూ ఇరవై మీటర్ల నుంచి బుట్టను తాకించినట్టు దాఖలాలు లేవు. డిస్కు గాల్లో ఎలా పోతుందో చెప్పడానికి స్పీడు, గ్లైడు, టర్ను, ఫేడు అని నాలుగు అంకెలు వేసి అమ్ముతారు కదా, వాటికి ఎక్సెల్ షీటు తయారైంది. డిస్కు మీద ఫేడు 1 అని, అంటే చివర్లో కొంచెమే పక్కకు వాలుతుందని, ఉన్న సంగతి విసిరే చేతికి ఎవరు చెప్పాలి?

ఇక్కడ ఒక్క క్షణం నిజం మాట్లాడుకుందాం. గట్టి డిస్కు ఎండాకాలపు ఎర్రమట్టి మీద అంచు తగిలితే ఎగిరి ముందుకు జారిపోతుంది. మెత్తటిది నేలకు తగలగానే వంగి, ఆ ఊపును తనే మింగేసి, పడ్డచోటే కూలబడుతుంది. దగ్గరి అప్రోచ్‌కి కావలసింది ఈ బద్ధకమే. వానలో తడిసినా వేళ్ళకు పట్టు దొరుకుతుంది. అయితే బలమంతా పెట్టి విసిరితే చేతిలోనే వంగి, గాల్లో వణుకుతూ పోతుంది. వీరత్వం చూపించాలనుకునేవాళ్ళు వేరే డిస్కు చూసుకోవాలి. చవక ప్లాస్టిక్‌దైతే నాలుగు చెట్లకు తగిలేసరికి అంచు అరిగి దారి మార్చేస్తుంది. ఎండలో కారులో వదిలేస్తే ఆకారమే మారిపోవచ్చు.

అంతర్జాతీయ సంఘం పీడీజీఏ నియమాల్లో నాకు బాగా నచ్చింది ఒకటుంది: డిస్కు మరీ బిరుసుగా ఉంటే ఆమోదించరు. అలాంటి నిబంధన టీమ్ మేనేజర్లకు కూడా పెడితే ఐటీ రంగం ఎక్కడికో వెళ్ళిపోయేది.

ప్రాక్టీసు ఎక్కడ అంటారా? అపార్టుమెంటు లాన్‌లో. "బంతి ఆటలు నిషేధం" అని బోర్డు ఉంటుంది. డిస్కు బంతి కాదు. సెక్యూరిటీ అన్న వచ్చి అడిగితే ఈ పాయింటు చెప్పండి. ఆయన అసోసియేషన్ వాళ్ళను అడిగొచ్చేలోపు ఇంకో పది విసరొచ్చు. ఆకుపచ్చ రంగు మాత్రం కొనకండి, గడ్డిలో వెతకడానికే సాయంత్రం అయిపోతుంది.

కొనేటప్పుడు రెండు కొనండి. పటర్ వెడల్పు సుమారు 21 సెంటీమీటర్లు, అంటే మా ఇంట్లో పెరుగు గిన్నెకు మూతగా సరిగ్గా సరిపోయే కొలత. గుంటూరు నుంచి మా అత్తగారు వచ్చారు. నొక్కి చూశారు, బాగుందన్నారు.