తప్పు తెలిసిన తండ్రి: గుమ్మడి పెద్దరికం

1955లో 'అర్ధాంగి' విడుదలయ్యేనాటికి గుమ్మడి వెంకటేశ్వరరావుకు 28 ఏళ్లు నిండలేదు. అందులో ఆయన జమీందారు. అక్కినేని నాగేశ్వరరావు, జగ్గయ్య ఆయన కొడుకులు. అక్కినేని నిజానికి ఆయనకంటే పెద్ద, జగ్గయ్య ఇంచుమించు ఈడువాడు, భార్యగా వేసిన శాంతకుమారి కూడా పెద్దే. రెండేళ్లకు 'మాయాబజార్'లో, తనకన్నా నాలుగేళ్లు పెద్దవాడైన ఎన్.టి. రామారావుకు అన్నయ్య అయ్యారు. 1962లో 'మహామంత్రి తిమ్మరుసు'కు వచ్చేసరికి అదే రామారావు చేత 'అప్పాజీ' అని పిలిపించుకున్నారు.

ఈ వయసుల లెక్కను సరదా విశేషంగా చెప్పుకుని నవ్వుకోవడం మనకు అలవాటు. తెల్ల జుట్టు, కండువా, చేతికర్ర ఉంటే ఎవరైనా ముసలివాడు కాగలడు. నాటకాల్లో పద్దెనిమిదేళ్ల కుర్రాళ్లు కూడా దశరథుడి వేషం కట్టేవారు. గుమ్మడి ప్రత్యేకత గడ్డం అతికించుకోవడంలో లేదు. పెద్దరికం లోపల ఉండే బెరుకును ఆయన పట్టుకున్నారు. ఇంటికి పెద్ద తానే, మాట మాత్రం చెల్లదు. తప్పు చేశానని తెలుసు, ఒప్పుకునే ధైర్యం లేదు. ఆ ఇరుకున పడ్డ మనిషిని తెలుగు తెరపై ఆయనంత నమ్మకంగా చూపించినవారు నాకు కనిపించరు.

చిత్తూరు నాగయ్య తండ్రిగా కనిపిస్తే క్షమ కనిపిస్తుంది, ఆయన్ని చూస్తే దణ్ణం పెట్టాలనిపిస్తుంది. ఎస్.వి. రంగారావు వస్తే ఇల్లంతా ఆయనదే. కోపమైనా ప్రేమైనా గది నిండిపోతుంది. ఈ ఇద్దరి మధ్య గుమ్మడికి మిగిలిన చోటు చాలా చిన్నది. ఆ చిన్న చోటులోనే ఆయన అర్ధశతాబ్దం నిలబడ్డారు, దాదాపు 500 చిత్రాలు చేశారు.

తెనాలి సమీపంలోని రావికంపాడులో 1927 జూలై 9న పుట్టిన రైతుబిడ్డ, నాటకాల మోజుతో మద్రాసు చేరాడు. 1950లో 'అదృష్టదీపుడు'తో తెరకెక్కినా వెంటనే ఒరిగిందేమీ లేదు. రామారావు సొంత సంస్థ నేషనల్ ఆర్ట్ థియేటర్ తీసిన 'పిచ్చి పుల్లయ్య' (1953), 'తోడుదొంగలు' (1954) ఆయన్ని నిలబెట్టాయి. ఆ తర్వాత 'అర్ధాంగి' ఆయన దారిని ఖాయం చేసింది. అంత చిన్న వయసులో తండ్రి వేషం ఒప్పుకోవడమంటే యువకుడి పాత్రలకు చేతులారా తలుపు మూసుకోవడమే.

అయితే ఆ నిర్ణయానికి కాలం కలిసొచ్చింది. 1948లో మద్రాసు రాష్ట్రం ఎస్టేట్ల రద్దు చట్టం తెచ్చింది. జమీందారీలు కాగితం మీద పోయాయి కానీ, కథల్లో జమీందారు ఇంకా చాలాకాలం బతికాడు. ఆ బతుకులో వెనకటి జోరు ఉండదు. 'అర్ధాంగి' జమీందారునే చూడండి. పెద్దకొడుకు లోకజ్ఞానం లేకుండా పెరిగాడు, రెండో భార్య కొడుకు గారాబంతో చెడిపోయాడు. కళ్లెదుటే ఇల్లు ఇలా తయారవుతున్నా ఆయన భార్యకు ఎదురు చెప్పలేడు. చివరికి ఇంటిని చక్కదిద్దేది కోడలుగా వచ్చిన సావిత్రి పాత్ర. హోదా మిగిలి అధికారం జారిపోయిన మగవాడి కథ అది. ఉమ్మడి కుటుంబాలు చీలుతున్న ఆ రోజుల్లో హాలులో కూర్చున్న ఎందరో అలాంటి పెద్దను తమ ఇంట్లోనే చూసి ఉంటారు. గుమ్మడి ముఖం వాళ్లకు కొత్త కాదు.

'మాయాబజార్' బలరాముడిది కూడా ఇదే జాతి, కాకపోతే పౌరాణిక వేషం. సుభద్రకు ఇచ్చిన మాట ఉంది, అభిమన్యుడికి శశిరేఖను ఇస్తానన్నాడు. పాండవులు రాజ్యం పోగొట్టుకోగానే ఆ మాట గాలికి పోయింది. ప్రియదర్శిని పెట్టె తెరిచే సన్నివేశంలో ఎవరికి ఇష్టమైనది వారికి కనిపిస్తుంది. శశిరేఖకు అభిమన్యుడు, రేవతికి నగలు, బలరాముడికి దుర్యోధనుడు. ఆ క్షణంలో గుమ్మడి ముఖాన్ని గమనించండి. శిష్యుణ్ణి చూసి మురిసిపోయే గురువు అమాయకత్వమే తప్ప దురాశ మచ్చుకైనా ఉండదు. మాట తప్పబోయే మనిషి మీద మనకు కోపం రాకుండా చేసింది ఆ మురిపెమే. రేవతిగా ఛాయాదేవి, కృష్ణుడిగా రామారావు ఇరువైపులా చకచకా ఆట ఆడుతుంటే, తనతో ఆడుకుంటున్నారని గ్రహించని పెద్దమనిషిగా నిలబడటం తేలిక కాదు. తెలివితక్కువవాడిగా కనిపిస్తే పాత్ర చెడుతుంది, తెలివైనవాడిగా కనిపిస్తే కథే చెడుతుంది. (ఈ చిత్రానికి రంగులద్దిన ప్రతి 2010 జనవరి 30న విడుదలైంది. గుమ్మడి అదే నెల 26న కన్నుమూశారు.)

తిమ్మరుసు మాత్రం తిరగేసిన పాత్ర. ఇక్కడ తప్పు రాజుది, శిక్ష మంత్రికి. రాజకుమారుణ్ణి చంపించాడన్న నింద పడ్డాక ఆ పాత్ర గుండెలు బాదుకుని ఏడ్చినా ఎవరూ కాదనరు. గుమ్మడి గొంతు ఎత్తకుండా ఆ నిందను మోశారు. కమలాకర కామేశ్వరరావు దర్శకత్వం వహించిన ఈ చిత్రానికి ఆ ఏడాది తెలుగులో ఉత్తమ చిత్రంగా జాతీయ పురస్కారం దక్కింది. రామారావు పేరుతో అమ్ముడైన సినిమాలో కథ బరువంతా మంత్రి మీద ఉండటం, దాన్ని కథానాయకుడు ఒప్పుకోవడం ఈనాడు ఊహించడం కష్టం.

ఇంత చెప్పాక మరో సంగతి దాచకూడదు. గుమ్మడి అనగానే మిమిక్రీ కళాకారులు గుండె పట్టుకుని దగ్గి, కూతురి చేయి ఎవరి చేతిలోనో పెట్టి ప్రాణం వదిలేస్తారు. జనం నవ్వుతారు, ఎందుకంటే అది అబద్ధం కాదు. 1970లు వచ్చేసరికి రచయితలకు కథ మలుపు తిరగాల్సినచోట గుమ్మడికి గుండెపోటు తెప్పించడం అలవాటైపోయింది. తప్పు వాళ్లదే అని తేల్చేయడం అభిమానం అవుతుంది, విమర్శ కాదు. వచ్చిన ప్రతి తండ్రినీ ఒప్పుకోవడంలో ఆయన వంతు కూడా ఉంది. ఎలా చేయాలో చేతికి వచ్చేసిన పని ఆలోచన లేకుండా జరిగిపోతుంది. ఆ కాలపు చాలా చిత్రాల్లో ఆయన కంటతడి పెట్టించారు, ఆశ్చర్యపరచలేదు. 1990ల్లో గొంతు దెబ్బతిన్నాక నటన తగ్గించుకున్నారు. అంత మెత్తని గొంతు మీద ఆధారపడిన నటుడికి అది చిన్న నష్టం కాదు. 1998లో రఘుపతి వెంకయ్య పురస్కారం వచ్చింది.

ఆశ్చర్యపరిచిన గుమ్మడిని చూడాలంటే 'లక్షాధికారి' (1963) చూడాలి. అప్పటికే ప్రేక్షకులకు ఆయన ముఖమంటే నమ్మకం. వి. మధుసూదనరావు ఆ నమ్మకాన్నే ముసుగుగా వాడుకుని, సాధువులాంటి పెద్దమనిషి వెనుక నేరస్థుణ్ణి దాచారు. ముసుగు తొలగినప్పుడు గుమ్మడి కొత్త గొంతు ఎత్తుకోలేదు, కళ్లు ఎర్రజేయలేదు. అదే నిదానం, అదే మెత్తదనం. అంతకుముందు ఊరటనిచ్చిన ఆ గొంతే అప్పుడు భయపెడుతుంది. ఆ దారిలో ఆయన్ని మరింత దూరం నడిపించే దర్శకులు మనకు దొరకలేదు. పెళ్లిపీటల దగ్గర కన్నీళ్లు తుడుచుకునే తండ్రులు మాత్రం ఏటా పదిమంది చొప్పున ఆయన్ని వెతుక్కుంటూ వచ్చారు.