మధ్యలో ఉండే ప్లాంటుకి డబ్బులెవరిస్తారు?

2023 ఫిబ్రవరిలో జమ్మూ రియాసీలో 59 లక్షల టన్నుల లిథియం దొరికింది, ఇంక మనకి తిరుగు లేదు అని ఎన్ని ఫార్వర్డ్‌లు వచ్చాయో గుర్తుండే ఉంటుంది. తర్వాత ఏమైందో మాత్రం ఎవ్వరూ ఫార్వర్డ్ చెయ్యలేదు. వేలం పెట్టారు, చాలినంత మంది బిడ్ వెయ్యలేదు, రద్దు చేశారు. ఆ 59 లక్షల టన్నులు లిథియం కాదు, లిథియం కొద్దికొద్దిగా ఉన్న ఖనిజం, అదీ ఇంకా తొలి దశ అంచనా, పైగా ఉన్నది బంకమట్టి రకం రాయిలో, అట్లాంటి రాయిలోంచి లిథియం తీసి లాభానికి అమ్మిన అనుభవం ప్రపంచంలోనే ఎవరికీ పెద్దగా లేదు, మరి ఏ కంపెనీ ముందుకొస్తుంది చెప్పండి.

నేను హైదరాబాద్ చర్లపల్లి సైడు మెటల్ రికవరీ పనిలో ఏళ్ళ తరబడి ఉన్న కెమికల్ ఇంజనీర్ని, అందుకే ల్యాబ్‌కీ ఫ్యాక్టరీకీ మధ్యలో ఉండే పైలట్ ప్లాంటు గురించి రాయకుండా ఉండలేకపోతున్నా. మన దగ్గర గోలంతా గనుల గురించే. ఎక్కడ దొరికింది, ఎన్ని లక్షల టన్నులు, ఏ రాష్ట్రం. మట్టిలోంచి మెటల్ తీసే పని గురించి అడిగేవాళ్ళే లేరు, చైనా చేతిలో ఉన్నది ఆ పనే. మోటర్ల మాగ్నెట్లలో వాడే నియోడిమియం లాంటి లోహాల్ని రేర్ ఎర్త్‌లు అంటారు, వాటినే చూడండి, గనులు వేరే దేశాల్లోనూ ఉన్నాయి, శుద్ధి చెయ్యడంలో మాత్రం సుమారు 90 శాతం వాళ్ళదే. 2025 ఏప్రిల్‌లో ఏడు రేర్ ఎర్త్‌ల మీద, వాటితో చేసే మాగ్నెట్ల మీద ఎగుమతి లైసెన్సు పెట్టారో లేదో, ఇక్కడ ఈవీ కంపెనీలు ప్రొడక్షన్ తగ్గించుకోవాల్సి వచ్చింది. మోటర్‌లో మాగ్నెట్ ఎంతుంటుంది, అది రాకపోతే బండే బయటికి రాదు.

మనకి రేర్ ఎర్త్‌లుండే సముద్రపు ఇసుక లేదా అంటే ఉంది. మన బేగంపేటలోనే హెడ్డాఫీసు ఉన్న అణు ఖనిజాల డైరెక్టరేట్ లెక్క ప్రకారం దేశంలో 1.3 కోట్ల టన్నులకి పైగా మోనజైట్, అంటే రేర్ ఎర్త్‌లుండే ఖనిజం, ఉంది, అన్ని రాష్ట్రాల కంటే ఎక్కువ ఆంధ్రా తీరంలోనే. మరి ఇన్నేళ్ళూ ఏం చేశాం? ప్రభుత్వ కంపెనీ ఐఆర్ఈఎల్ తీసిన రేర్ ఎర్త్ సరుకు కొంత విశాఖ దగ్గరున్న జపాన్ కంపెనీ యూనిట్‌కి ఇస్తే వాళ్ళు ప్రాసెస్ చేసి వాళ్ళ దేశానికి పంపుకున్నారు. జపాన్‌ని నేను తప్పు పట్టను. 2010లో చైనా వాళ్ళకి సరఫరా ఆపితే మరుసటి ఏడే ఆస్ట్రేలియా కంపెనీ లైనాస్‌లో ప్రభుత్వ సంస్థ ద్వారా 25 కోట్ల డాలర్లు పెట్టి నిలబెట్టారు, 2025లో చైనా బయట డిస్ప్రోసియం అనే రేర్ ఎర్త్ తియ్యడం మొదలుపెట్టింది ఆ లైనాసే. ఒక దెబ్బ తగిలితే నేర్చుకోవడం అంటే అది.

ఇప్పుడు మన ప్రభుత్వం డబ్బులు పెట్టట్లేదా అంటే పెడుతోంది, ఆ మాట ఒప్పుకోవాలి. 2025 జనవరిలో నేషనల్ క్రిటికల్ మినరల్ మిషన్‌కి 16,300 కోట్లు ఓకే చేశారు, ప్రభుత్వరంగ కంపెనీలు ఇంకో 18,000 కోట్లు పెడతాయన్నారు. సెప్టెంబర్‌లో రీసైక్లింగ్‌కి 1,500 కోట్లు, నవంబర్‌లో మాగ్నెట్ల స్కీముకి 7,280 కోట్లు. కానీ అదే మిషన్‌లో థర్మల్ ప్లాంట్ల బూడిద, రెడ్ మడ్ (అల్యూమినియం తయారీలో మిగిలే ఎర్ర మడ్డి), గనుల వ్యర్థాల నుంచి మినరల్స్ తీసే పైలట్ ప్రాజెక్టులకి పెట్టింది ఎంతో తెలుసా, 100 కోట్లు. మొత్తంలో ఒక్క శాతం కూడా రాదు. రామగుండంలో, కొత్తగూడెంలో గుట్టలు గుట్టలుగా బూడిద పడుంది, అందులో ఏమేం ఉన్నాయో ల్యాబ్‌లో చూసే మనుషులూ ఉన్నారు, అక్కడి నుంచి ముందుకి పోయే పైలట్ ప్లాంటు మెట్టుకే సరిపడా డబ్బు లేదు.

ఆ మెట్టు ఎందుకంత కష్టమో చెప్తా. మాగ్నెట్లకి కావాల్సిన నియోడిమియం, ప్రసియోడిమియం అనే రేర్ ఎర్త్‌లు రెండూ కెమిస్ట్రీలో కవల పిల్లలు, యాసిడ్‌లో కరిగించి సాల్వెంట్ కలిపి వదిలేస్తే ఒకటి పైకి ఒకటి కిందికి పోదు, రెండూ రెండు వైపులా పోతాయి, ఒకటి కొంచెం ఎక్కువ పోతుందంతే. ఆ కొంచెం తేడానే పదే పదే వాడుకుంటూ వందల స్టేజీలు దాటించాలి. ల్యాబ్‌లో పావు లీటరు సెపరేటింగ్ ఫన్నెల్‌లో చేసి పేపరు రాసుకోవచ్చు. అదే వరసగా మిక్సర్ సెట్లర్లు (కలిపి, పొరలు విడిపోనిచ్చే ట్యాంకులు) పెట్టి నడిపితే రెండు పొరల మధ్య జిగురు లాంటి మడ్డి పేరుకుంటుంది, సాల్వెంట్ యాసిడ్‌తో పాటు బయటికి పోతుంది, లైను స్థిరపడటానికే వారాలు పడుతుంది, ఈలోపు రెండు గంటలు కరెంటు పోతే అన్ని స్టేజీల లెక్కా చెదిరి మళ్ళీ మొదటికి. ఇదంతా నడిపి చూస్తేనే తెలుస్తుంది, పుస్తకంలో ఉండదు. చైనా దగ్గరున్నది గొప్ప ఫార్ములా కాదు, దశాబ్దాల పాటు నడిపి నడిపి సరిచేసుకున్న అనుభవం. ఆ అనుభవానికి అయ్యే ఖర్చు కోట్లలో ఉంటుంది, అప్పటిదాకా అమ్మడానికి సరుకు రాదు, కాబట్టి బ్యాంకు ఇవ్వదు, ప్రైవేటు ఇన్వెస్టర్ ఆగడు. ఇంకెవరు పెట్టాలి, ప్రభుత్వమే పెట్టాలి.

పెట్టినా ఎట్లా పెడుతున్నారో అదో బాధ. నాకు దగ్గరగా తెలిసిన చిన్న కంపెనీ ఒకటి గ్రాంటు తెచ్చుకుంది, మొదటి విడత వచ్చింది, డబ్బు దేనికి ఖర్చయిందో చూపించే యుటిలైజేషన్ సర్టిఫికెట్ ఇచ్చారు, ఫైలు తిరిగి తిరిగి రెండో విడత వచ్చేసరికి జీతాలు లేక ఆపరేటర్లు ఫార్మా కంపెనీలకి వెళ్ళిపోయారు. ట్యాంకులు కొనాలంటే తక్కువ రేటు వాడికే ఇవ్వాలంటారు, ఆ తక్కువ రేటు ట్యాంకు యాసిడ్‌కి తట్టుకోక లీకైతే మళ్ళీ ఫైలు. ప్రయోగం ఫెయిలైతే డబ్బు వేస్ట్ చేశారని ఆడిట్ అభ్యంతరం. ఫెయిల్ కాకుండా ప్రాసెస్ నేర్చుకున్న దేశం ఎక్కడైనా ఉందా?

ఇదంతా మనకి చేతకాదనుకునే వాళ్ళు ఒక్కసారి మౌలాలి దాటి ఈసీఐఎల్ వైపు చూడండి. అక్కడ అణు రియాక్టర్లకి ఇంధనం తయారుచేసే ఎన్‌ఎఫ్‌సీ 1971లో పెట్టారు. సముద్రపు ఇసుకలోని జిర్కాన్ తెచ్చి, జిర్కోనియం నుంచి హాఫ్నియం విడదీసి, స్పాంజ్ (గుల్లగా ఉండే ముడి లోహం) చేసి, రియాక్టర్ ట్యూబుల దాకా మనవాళ్ళే చేశారు. 2023లో కేంద్రం ఇచ్చిన 30 క్రిటికల్ మినరల్స్ లిస్టులో ఆ జిర్కోనియం, హాఫ్నియం రెండూ ఉన్నాయి, మనం అంతకు యాభై ఏళ్ళ ముందే మొదలుపెట్టాం! కంచన్‌బాగ్ డీఎంఆర్‌ఎల్ (రక్షణ శాఖ లోహాల ల్యాబ్) టైటానియం స్పాంజ్ టెక్నాలజీ చేస్తే ఇస్రో డబ్బు పెట్టింది, 2011లో కేరళ చవరలో ఏడాదికి 500 టన్నుల ప్లాంటు వచ్చింది. ఈ రెండు చోట్లా ఓపిగ్గా డబ్బు పెట్టినవాళ్ళున్నారు, తయారైంది తీసుకునే వాళ్ళు ముందే ఉన్నారు. అణుశక్తి శాఖ ఒకచోట, ఇస్రో ఇంకోచోట.

ఆ కొనేవాడు లేకపోతే ఏమవుతుందో అమెరికాలో చూశాం. 2011లో రేర్ ఎర్త్ రేట్లు ఆకాశానికి పోయినప్పుడు మాలీకార్ప్ అనే కంపెనీ మౌంటెన్ పాస్ గని మీద కోట్ల డాలర్లు గుమ్మరించింది, రేట్లు పడిపోయాయి, 2015లో దివాలా. అదే గని ఇవాళ ఎంపీ మెటీరియల్స్ చేతిలో ఉంది, 2025 జులైలో అమెరికా రక్షణ శాఖ 40 కోట్ల డాలర్ల వాటా కొనడమే కాదు, నియోడిమియం–ప్రసియోడిమియంకి కిలో 110 డాలర్ల కనీస ధర పదేళ్ళ పాటు గ్యారంటీ ఇచ్చింది. వడ్లకి మద్దతు ధర తెలిసిన మనకి ఇది అర్థం కాని విషయమేం కాదు. మన మాగ్నెట్ల స్కీములో 6,450 కోట్లు అమ్మకాలకి ముడిపెట్టారు, అది మంచి పని, మనస్ఫూర్తిగా మెచ్చుకుంటున్నా. కానీ ఆ స్కీము లక్ష్యమైన ఏడాదికి 6,000 టన్నుల మాగ్నెట్లకి బరువులో 30 శాతం చొప్పున 1,800 టన్నుల రేర్ ఎర్త్ మెటల్ కావాలి, దేశంలో ఇప్పుడు వస్తున్నది అందులో చిన్న భాగం. ఆక్సైడ్, మెటల్ చేసేవాడికి అట్లాంటి కనీస ధర ఏది?

ఇంకో మాట, ఇది చెప్పకపోతే పటాన్‌చెరు వాళ్ళకి అన్యాయం చేసినట్టే. ఈ పని మురికి పని. టన్నుల కొద్దీ యాసిడ్, ఉప్పు నీళ్ళు, మోనజైట్ అయితే రేడియోధార్మిక థోరియం కూడా. ఫ్యాక్టరీల వ్యర్థాలు కలిసి అక్కడి నక్కవాగు ఏమైందో, ఆ పొలాలేమయ్యాయో మనం చూశాం. వ్యర్థాల శుద్ధి ఖర్చు తర్వాత చూద్దాంలే అనే ప్లాంటుకి ఒక్క రూపాయి ఇవ్వొద్దు, గ్రాంటులోనే మొదటి రోజు నుంచి అది ఉండాలి, ఊరివాళ్ళకి నీళ్ళ టెస్టు రిపోర్టులు చూపించాలి.

మిషన్ కింద ఎంపికైన తొమ్మిది పరిశోధన కేంద్రాల్లో (సెంటర్స్ ఆఫ్ ఎక్సలెన్స్) మూడు మన దగ్గరే ఉన్నాయి, ఐఐటీ హైదరాబాద్, కంచన్‌బాగ్‌లో ఎన్‌ఎఫ్‌టీడీసీ, చర్లపల్లిలో సీ-మెట్. ఇసుక విశాఖ వైపు, పని తెలిసిన మనుషులు ఇక్కడ. రెండు రాష్ట్రాలు నీళ్ళ గొడవలు పక్కన పెట్టి ఈ ఒక్కదానికైనా కలిసి ఢిల్లీకి పోవాలి. మన ఎంపీలని ఒకటే కోరుతున్నా, సభలో ఎన్ని కోట్లు కేటాయించారు అని అడగొద్దు సార్, ఎన్ని పైలట్ ప్లాంట్లు నడుస్తున్నాయి, రోజుకి ఎన్ని కిలోలు వస్తున్నాయి, ఎంత ప్యూరిటీలో, ఎవరు కొంటున్నారు, అది అడగండి.